తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది: రాయలసీమ ఊళ్ళలో కంపెనీలు సామాజిక కార్యక్రమాలు నడిపే పద్ధతి

యర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలు, తాడిపత్రి గ్రానైటు పాలిషింగు యూనిట్లు, బేతంచెర్ల నాపరాయి గనులు, ఓర్వకల్లు సౌర ఫలకాలు, ఆదోని జిన్నింగు మిల్లులు, రాయదుర్గం దుస్తుల తయారీ. పాత కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఇలాంటి సంస్థ దేనినైనా మీరు నడుపుతున్నా, దానిలో సామాజిక బాధ్యత పని (సీఎస్‌ఆర్) మీ నెత్తిన పడినా ఈ వ్యాసం మీకోసమే. ఏ ఊరికి ఏమి ఇవ్వాలన్న ప్రశ్నతో చాలామంది మొదలుపెడతారు. నేను కూడా ఒకప్పుడు అలాగే మొదలుపెట్టాను. ఇచ్చిన వస్తువుకు తాళం వేసి తీసేదెవరు, దాని కరెంటు బిల్లు కట్టేదెవరు, అది చెడిపోయిన రోజు ఎవరికి ఫోను వెళుతుంది అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికేంతవరకు డబ్బు సంగతి ఎత్తకూడదని నాకు ఆలస్యంగా అర్థమైంది. కింద రాసినదంతా ఆ మూడు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది.

ముందుగా మీకు చట్టం వర్తిస్తుందో లేదో తేల్చుకోండి

కంపెనీల చట్టం, 2013లోని 135వ సెక్షను 2014 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. వెనకటి ఆర్థిక సంవత్సరంలో నికర విలువ రూ.500 కోట్లు, టర్నోవరు రూ.1,000 కోట్లు, నికర లాభం రూ.5 కోట్లు అనే మూడు గీతల్లో ఏ ఒక్కదాన్ని అందుకున్నా కంపెనీ దీని పరిధిలోకి వస్తుంది. మన ప్రాంతపు మధ్యస్థాయి కంపెనీలు ఎక్కువగా మూడో గీత దగ్గరే చట్టం కిందికి వస్తాయి. అలా వచ్చిన కంపెనీ అంతకుముందు మూడు సంవత్సరాల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సీఎస్‌ఆర్ పనులకు ఖర్చు చేయాలి. ఇక్కడ లాభం అంటే 198వ సెక్షను ప్రకారం, ఆదాయపు పన్ను తీసివేయక ముందు లెక్కకట్టినది. పన్ను కట్టాక చేతిలో మిగిలినదానిమీద 2 శాతం వేసుకుని తర్వాత నాలుక కరుచుకున్నవాళ్ళను నేను చూశాను.

ఒక ఉదాహరణ తీసుకోండి. మీ లాభం వరుసగా రూ.6 కోట్లు, రూ.8 కోట్లు, రూ.10 కోట్లు అయితే సగటు రూ.8 కోట్లు, అందులో 2 శాతం రూ.16 లక్షలు. ఈ మొత్తం రూ.50 లక్షలు దాటనంతవరకు ప్రత్యేకంగా సీఎస్‌ఆర్ కమిటీ వేయనక్కరలేదు, డైరెక్టర్ల బోర్డే ఆ పని చూసుకోవచ్చు. కంపెనీ తరఫు పరిపాలనా ఖర్చులు ఆ సంవత్సరపు మొత్తం సీఎస్‌ఆర్ ఖర్చులో 5 శాతం మించకూడదు కాబట్టి, రూ.16 లక్షల్లో ఆఫీసు నిర్వహణకు మీకు చెల్లేది రూ.80 వేలు. ఊళ్ళో ప్రాజెక్టు కోసమే పనిచేసే మనుషుల జీతాలు ఈ 5 శాతంలోకి రావు, అవి ప్రాజెక్టు ఖర్చే. ఈ తేడా తెలియక క్షేత్రంలో పనిచేసే మనిషిని పెట్టుకోకుండా, వస్తువులు మాత్రం కొని పంచి చేతులు దులుపుకున్న కంపెనీలు ఉన్నాయి.

ఏ ఖర్చు లెక్కలోకి రాదో కూడా ఇప్పుడే రాసుకోండి. మీ ఉద్యోగులకూ వారి కుటుంబాలకూ మాత్రమే మేలుచేసే పనులు, రాజకీయ పార్టీలకు ఇచ్చే విరాళాలు, సరుకు ప్రచారం కోసం చేసే స్పాన్సర్‌షిప్పులు, మీ రోజువారీ వ్యాపారంలో భాగమైన పనులు, వేరే చట్టం ప్రకారం ఎలాగూ చేయవలసినవి లెక్కకు రావు. గనులున్న మన జిల్లాల్లో ఆ చివరి మాట బాగా గుర్తుంచుకోవాలి. రాయల్టీతోపాటు జిల్లా ఖనిజ నిధికి కట్టేది సీఎస్‌ఆర్ కాదు. పర్యావరణ అనుమతి షరతుల్లో ఒప్పుకున్న పనులను తిరిగి సీఎస్‌ఆర్ కింద చూపించడమూ కుదరదు. నిబంధనల సంగతి అలా ఉంచి, ఊరివాళ్ళ కళ్ళతో కూడా ఒకసారి చూడండి. క్రషరు దుమ్ము ఇంటి కడపలమీద అంగుళం మందాన పేరుకుంటుంటే, దాన్ని ఆపే పని మానేసి ఆ ఊళ్ళోనే కంటి శిబిరం పెట్టి కళ్ళజోళ్ళు పంచే కంపెనీని ఎవరూ దాతగా లెక్కపెట్టరు. మీ గేటు లోపలి తప్పును ముందు సరిదిద్దుకోండి. అది సరయ్యేదాకా ఊరు మీ మాట వినదు.

చట్టం పరిధిలోకి రాని చిన్న మిల్లులవాళ్ళు ఈ భాగాన్ని వదిలేసి ముందుకు సాగవచ్చు. మిగతాదంతా వారికీ వర్తిస్తుంది.

ఊరికి ఎప్పుడు, ఎవరి దగ్గరికి వెళ్ళాలి

తమ కార్యకలాపాలు ఉన్న ప్రాంతానికీ దాని చుట్టుపక్కలకూ ప్రాధాన్యం ఇమ్మని చట్టమే చెబుతోంది కాబట్టి ఊరి ఎంపిక చాలావరకు తేలికే. చిక్కంతా ఆ ఊరిని వినడంలో ఉంది.

పగలు పదకొండు గంటలకు కారులో దిగితే మీకు కనిపించేది చావడి దగ్గర కూర్చున్న నలుగురు పెద్దమనుషులు, కబురందుకుని వచ్చిన సర్పంచి. వాళ్ళు చెప్పేది అబద్ధం కాకపోవచ్చు కానీ అది ఊరంతటి మాట కాదు. కూలికి వెళ్ళిన ఆడవాళ్ళు ఇళ్ళకు చేరేది పొద్దుగూకే వేళకు. ఆ వేళకు వెళ్ళండి. ఎస్సీ కాలనీకి, ఊరి చివర ఇళ్ళకు నడిచి వెళ్ళండి. పొదుపు సంఘాల సమావేశం ఏ రోజో కనుక్కుని, వాళ్ళు ఒప్పుకుంటే ఒక మూల కూర్చోండి. సచివాలయంలో ఏఎన్‌ఎం దగ్గరా, బడిలో ప్రధానోపాధ్యాయుల దగ్గరా రికార్డులు ఉంటాయి. ఏ నెలలో ఏ జబ్బులు ఎక్కువ, ఏ తరగతిలో పిల్లలు తగ్గిపోతున్నారు అన్న రెండు ప్రశ్నలకు మీరు డబ్బిచ్చి చేయించుకునే సర్వేకన్నా అవి మెరుగైన జవాబులు చెబుతాయి.

కాలం విషయంలో నేను చేసిన పొరపాటు ఒకటి చెబుతాను. కర్నూలు పడమటి మండలాల్లో, కోసిగి, కౌతాళం, పెద్ద కడబూరు వైపు, వర్షాధారపు పంట చేతికి వచ్చాక కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు వైపు మిరప కోతలకు తరలిపోతాయి. దాన్ని వాళ్ళు సుగ్గికి పోవడం అంటారు. చాలామంది ఉగాదికి గాని తిరిగి రారు. ఈ సంగతి వినికిడిగానే తెలిసిన నేను జనవరిలో అక్కడ ఇంటింటి సర్వే చేయించాను. ఇళ్ళకు తాళాలు, అరుగులమీద ముసలివాళ్ళు. బడి ఈడు పిల్లలు తక్కువగా ఉన్నారని మా నివేదిక తేల్చింది! పిల్లలు లేకపోవడమే ఆ ఊరి అసలు సమస్య అన్న సంగతి మా ఫారంలో ఏ గడిలోనూ పట్టలేదు. అందుకని ఒక ఊరిని కనీసం రెండు కాలాల్లో చూడండి, వానకాలంలో ఒకసారి, సుగ్గి కాలంలో ఒకసారి. సుగ్గి కాలంలో అవ్వాతాతల దగ్గర వదిలిన పిల్లలకు సాయంత్రపు భోజనమూ చదువూ చూసే సీజనల్ హాస్టలుకు తోడ్పడడం, జూన్‌లో అందరికీ బడిసంచులు పంచడంకన్నా ఎన్నోరెట్లు అవసరమని అప్పుడు మీకే కనిపిస్తుంది.

ఈ తిరుగుడులో ఏ హామీ ఇవ్వకండి. "చూద్దాం" అన్న మాట కూడా మన ఊళ్ళలో సగం ఒప్పుకోలు కిందే లెక్క.

పని ఎంచుకునేటప్పుడు పోరుమామిళ్ళ శాసనం చదవండి

కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఒకటి ఉంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, మరో పేరు భవదూరుడు, ఆ చెరువును తవ్వించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాయి తోలడానికి నూరు బండ్లు పనిచేశాయనీ, కట్టడానికి రెండేళ్ళు పట్టిందనీ అందులో ఉంది. నాకు అంతకన్నా విలువైనదిగా తోచేది వేరొకటి. మంచి చెరువుకు కావలసిన 12 అంగాలనూ, చెరువును పాడుచేసే 6 దోషాలనూ ఆ శాసనం వరుసగా చెబుతుంది. దానధర్మం చేసి పుణ్యం కట్టుకున్నామని రాసుకుని ఊరుకోకుండా, ఆ దానం ఎలా విఫలం కాగలదో కూడా రాయిమీద చెక్కించి పెట్టారు. మన సీఎస్‌ఆర్ నివేదికల్లో లేనిది అదే.

ఆ దోషాల్లో కొన్నిటిని మీ ప్రతిపాదనకు పక్కన పెట్టి చూడండి. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండడం ఒక దోషం. నేటి లెక్కలో అది రెండు పంచాయతీల నడుమో, ఊళ్ళోని రెండు వర్గాల నడుమో తగవులో ఉన్న స్థలం. అక్కడ ఏది కట్టినా తాళం పడుతుంది. నీళ్ళు తక్కువ, కింద నేల ఎక్కువ అయితే అదొక దోషం. రూ.16 లక్షలను చుట్టూ ఉన్న 20 ఊళ్ళకూ సమంగా పంచితే ఊరికి రూ.80 వేలు వస్తాయి. దానితో ప్రతి ఊళ్ళో ఒక బోర్డు, నాలుగు బెంచీలు మిగులుతాయి. నీళ్ళు ఎక్కువ, నేల తక్కువ కావడమూ దోషమే. మోయలేని ఊరికి పెద్ద ఆస్తి కట్టిపెట్టడం అలాంటిది. కట్టలోంచి నీళ్ళు ఊరడం మరో దోషం. డబ్బు ఎక్కడ ఊరిపోతుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఈ జల్లెడ పట్టాక రెండు మూడు ఊళ్ళలో ఒకే పనిని మూడేళ్ళపాటు చేయడానికి బోర్డును ఒప్పించండి. మిగతా ఊళ్ళు నిష్ఠూరమాడతాయి. జాతర చందా, క్రికెట్ పోటీ బహుమతులు, ఊరి ముఖద్వారం వంటివి అడగడం ఎలాగూ ఆగదు కాబట్టి, వాటికోసం కంపెనీ సొంత ఖర్చులోంచి చిన్న మొత్తం విడిగా పెట్టుకుని, ఒక్కో ఊరికి ఇంతకుమించి లేదని ముందే చెప్పండి. దాన్ని సీఎస్‌ఆర్ పద్దులో కలపకండి.

తాళంచెవి: ఒక నీళ్ళ ప్లాంటు కథ, దాని లెక్క

నేను అప్పట్లో పనిచేసిన ఒక కంపెనీ ఒక ఊళ్ళో శుద్ధజల ప్లాంటు పెట్టింది. నల్ల గ్రానైటు శిలాఫలకం, కొబ్బరికాయ, ఫొటోలు, మజ్జిగ ప్యాకెట్లు అన్నీ అయ్యాయి. పద్నాలుగు నెలల తర్వాత వేరే పనిమీద ఆ దారిన వెళితే షట్టరు మూసి ఉంది. దాని స్తంభాలకు మేకలు కట్టేసి ఉన్నాయి, ఫలకం మాత్రం మెరుస్తూనే ఉంది. కారణాలు అడిగితే ఒక్కొక్కటీ చిన్నదే. కరెంటు మీటరు మాజీ సర్పంచి పేరున ఉంది, కొత్తాయన బిల్లు కట్టలేదు. నడిపే కుర్రాడికి మూడు నెలలు జీతం రాలేదు. నీళ్ళను వడగట్టే పొర, మెంబ్రేను, పూడిపోయింది. తాళంచెవి ఎవరి దగ్గరుందో చెప్పగలిగినవాళ్ళు ఊళ్ళో దొరకలేదు. తప్పు ఊరిది కాదు. మేము అడగలేదు, వాళ్ళు చెప్పలేదు.

నీళ్ళ ప్లాంటు అనంతపురం వైపు ఇప్పటికీ కంపెనీలకు మొదట తోచే పని, ఎందుకంటే అక్కడి బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఉంది, అవసరం నిజమైనది. కాబట్టి దాన్నే నమూనాగా తీసుకుని ఎలా చేయాలో చెబుతాను.

ముందు నీటిని పరీక్ష చేయించండి, అదీ ఎండాకాలంలో. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండాలనీ, వేరే నీళ్ళు లేనిచోట 1.5 వరకు సరిపెట్టుకోవచ్చనీ భారతీయ ప్రమాణం చెబుతుంది. వానల తర్వాత తీసిన నమూనా వేసవి సంగతి చెప్పదు. అసలు ఆ బోరు మే నెలలో నిలబడుతుందా అన్నది ఇంకా ముందు తేలాలి, బోరు ఎండితే ప్లాంటు ఎంత మంచిదైనా ఇనుప బీరువాతో సమానం. ప్లాంటు వదిలేసే వృథా నీరు చాలాచోట్ల లోపలికి వెళ్ళిన నీటిలో సగం దాకా ఉంటుంది. ఫ్లోరైడు చాలావరకు అందులోనే చేరుతుంది కాబట్టి దాన్ని బోరు పక్క గుంతలోకో, గొడ్లు తాగే తొట్టిలోకో వదలకుండా దారి చూపాలి.

ఆ తర్వాత నెలవారీ లెక్కను ఊరివాళ్ళతో కూర్చుని, వాళ్ళ నోటితోనే చెప్పించండి. ఉదాహరణకు రోజుకు 200 బిందెలు, బిందె రూ.5 అనుకుంటే నెలకు రూ.30 వేలు వస్తుంది. నడిపే మనిషికి రూ.9 వేలు, కరెంటుకు రూ.6 వేలు, ఫిల్టర్లకూ మందులకూ రూ.4 వేలు, రెండు మూడేళ్ళకొకసారి మార్చవలసిన మెంబ్రేనుకూ మోటారు రిపేర్లకూ పక్కన పెట్టేది రూ.7 వేలు పోతే రూ.4 వేలు మిగులుతుంది. అదే రోజుకు 120 బిందెలే అమ్ముడైతే రూ.18 వేలే వస్తుంది, అప్పుడు ప్లాంటు నడవదు. ఈ రెండో లెక్క బయటపడేది ముందే అయితే చిన్న ప్లాంటు పెట్టుకోవచ్చు, లేదా రెండు ఊళ్ళకు కలిపి ఒకటి పెట్టుకోవచ్చు. ఉచితంగా ఇవ్వాలని మీ డైరెక్టరుగారు పట్టుబడితే, ఎన్నేళ్ళు ఉచితంగా ఇస్తారో ఆ అన్నేళ్ళ నిర్వహణ ఖర్చును ఈరోజే బడ్జెటులో రాయమని అడగండి. మంచి ఉద్దేశానికి ధర ఎంతో తెలిస్తే చర్చ తొందరగా తెములుతుంది.

ఇక యాజమాన్యం. సీఎస్‌ఆర్ డబ్బుతో కట్టిన ఆస్తిని కంపెనీ తన పేరున ఉంచుకోకూడదన్నది నిబంధన. సీఎస్‌ఆర్ నమోదు సంఖ్య ఉన్న ట్రస్టు, సొసైటీ లేదా లాభాపేక్ష లేని 8వ సెక్షను కంపెనీ పేరున గాని, లబ్ధిదారుల స్వయం సహాయక సంఘాల వంటి సమూహాల పేరున గాని, ప్రభుత్వ సంస్థ పేరున గాని అది ఉండాలి. నా అనుభవంలో మహిళా పొదుపు సంఘాల గ్రామ సమాఖ్య చేతిలో పెట్టిన ప్లాంట్లు ఎక్కువకాలం నడిచాయి. వాళ్ళకు పాసుపుస్తకం, తీర్మానాల పుస్తకం అలవాటైన సంగతులు, పైగా నీళ్ళు మోసేదీ వాళ్ళే. పంచాయతీని పక్కన పెట్టమని దీని అర్థం కాదు. స్థలం పంచాయతీది, బోరు పంచాయతీది, కాబట్టి గ్రామసభలో తీర్మానం చేయించి, అందులో మీటరు ఎవరి పేరున, తాళంచెవి ఎవరి దగ్గర, ధర మార్చే అధికారం ఎవరిది, ఎస్సీ కాలనీకి కుళాయి ఎక్కడ అన్నవి పేర్లతో కాకుండా హోదాలతో రాయించండి. మనుషులు మారతారు, హోదా మిగులుతుంది.

ఇదే ప్రాంతంలో 1990ల మధ్యలో శ్రీ సత్యసాయి తాగునీటి పథకం 700కు పైగా గ్రామాలకు నీళ్ళు తెచ్చింది. అంతటి పనికి కూడా పైపులు వేయడం ఒక ఖర్చు, ఏటా వాటిని నడపడం మరో ఖర్చు. మీ చిన్న ప్లాంటుకు ఈ నియమంలో మినహాయింపు దొరకదు.

యంత్రం లేని పని కావాలంటే

చెరువు పూడికతీతను తప్పక పరిశీలించండి. పొక్లెయిను గంటల బాడుగ కంపెనీ భరించి, మట్టిని తమ ట్రాక్టర్లతో తోలుకునే ఖర్చు రైతులు భరించే పద్ధతిలో ఇద్దరికీ బాధ్యత ఉంటుంది. నల్లమట్టి తన చేలో పడుతుంది కాబట్టి ఎన్ని ట్రిప్పులు వెళ్ళాయో రైతే లెక్కపెడతాడు. మీకు వేరే పర్యవేక్షకుడు అక్కరలేదు. జలవనరుల శాఖ అనుమతి, పంచాయతీ తీర్మానం ఫిబ్రవరికల్లా చేతిలో ఉండాలి. చెరువు ఎండిన ఏప్రిల్, మే నెలల్లో పని జరిగి, వేరుశనగ విత్తనానికి ముందే మట్టి చేలకు చేరాలి. కట్టకు దగ్గరగా తవ్వనివ్వకండి, తూమును మరమ్మతు చేయకుండా పూడిక మాత్రం తీసి వెళ్ళిపోకండి. వాగులో సర్కారు కంప పెరిగి చెరువులోకి నీరే రాని చోట పూడిక తీసి లాభం లేదు, ముందు ఆ వాగు సంగతి చూడాలి.

పక్కన ఎవరు నిలబడాలి

మీ సిబ్బందితోనే అన్నీ చేయలేరు. వేరే సంస్థ ద్వారా చేయించే పక్షంలో ఆ సంస్థకు కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్‌ఆర్-1 నమోదు, ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12ఏ, 80జీ నమోదులు, అటువంటి పనిలో కనీసం మూడేళ్ళ అనుభవం ఉన్నాయో లేదో చూడాలి. కాగితాలు అందరి దగ్గరా బాగానే ఉంటాయి. అందుకని నేను రెండు అడుగుతాను. రెండేళ్ళ కిందట మీరు పని ముగించి వచ్చేసిన ఊరు ఒకటి చూపించండి. మీకు కుదరని పని ఒకటి చెప్పండి. మొదటిదానికి ఊరు చూపించలేకపోయినా, రెండోదానికి అలాంటిది ఏదీ లేదన్నా నమస్కారం పెట్టి బయటపడండి.

ఈ విషయంలో మన ప్రాంతం అదృష్టవంతురాలు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురంలో మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు అర్ధశతాబ్దానికి పైగా ఇక్కడి ఊళ్ళలో ఉంది. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ 1990 నుంచి ఉంది. వీటితో కలిసి పనిచేసినా చేయకపోయినా, ఒకసారి వెళ్ళి ఒక రోజంతా వాళ్ళ క్షేత్ర కార్యకర్త వెనకాల తిరిగి రండి. ఊరివాళ్ళు ఆ కార్యకర్తను వరస పెట్టి పిలవడం వింటారు. ఏడాదికి మూడుసార్లు వచ్చిపోయే కంపెనీ మనిషికి ఆ వరస రాదు. మీరు డబ్బు పెట్టవలసింది అలాంటి మనిషి జీతానికి కూడా.

డబ్బు విడుదల, మార్చి తొందర

ఫిబ్రవరి చివర సీఎస్‌ఆర్ డబ్బు మిగిలిపోయిందని గుర్తొచ్చి, నెల తిరిగేలోగా కుట్టుమిషన్లు కొని పంచేయడం మన దగ్గర వార్షికోత్సవంలా మారింది. ఆ తొందర అవసరమే లేదు. బోర్డు ఒక పనిని బహుళ సంవత్సరాల ప్రాజెక్టుగా ముందే ఆమోదించి ఉంటే, మొదలైన సంవత్సరం కాక మరో మూడేళ్ళు అది నడవవచ్చు. ఆ ఏడు ఖర్చుకాని సొమ్మును ఆర్థిక సంవత్సరం ముగిసిన 30 రోజుల్లోగా, అంటే ఏప్రిల్ 30కల్లా, ప్రత్యేక బ్యాంకు ఖాతాకు మార్చి, మూడేళ్ళలో ఖర్చుపెట్టవచ్చు. అలాంటి ప్రాజెక్టు లేకపోతే మిగిలిన సొమ్ము ఆరు నెలల్లో కంపెనీల చట్టం 7వ షెడ్యూలులోని ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధి వంటి ఏదైనా నిధికి వెళ్ళిపోతుంది. రెండూ చేయకపోతే కంపెనీకి మార్చవలసిన మొత్తానికి రెట్టింపు లేదా రూ.కోటి, ఏది తక్కువైతే అంత జరిమానా ఉంటుంది. బాధ్యులైన అధికారులకు అది వేరు.

సంస్థకు డబ్బు విడతలుగా ఇవ్వండి, ప్రతి విడతనూ తేదీకి కాకుండా పని మెట్టుకు ముడివేయండి. "గ్రామసభ తీర్మానం నకలు అందాక", "వేసవి నీటి పరీక్ష నివేదిక అందాక" అన్నట్టు రాసుకోండి. పదో వంతును ప్లాంటు ఆరు నెలలు నడిచాక ఇచ్చేలా ఆపండి. ఇచ్చిన సొమ్ము ఉద్దేశించిన పనికే వాడారని మీ ఆర్థిక విభాగాధిపతి ధ్రువీకరించాలి కాబట్టి, ఆయనను ఏడాదికొకసారైనా ఊరికి తీసుకెళ్ళండి. బిల్లులు చూడడం వేరు, షట్టరు తెరిచి ఉండడం చూడడం వేరు.

ఉద్యోగులను ఎలా కలుపుకోవాలి

మొక్కలు నాటే ఫొటోతో మొదలై దానితోనే ముగిసే సేవాదినాలు వద్దు. జూలైలో నాటిన మొక్కకు అనంతపురం ఏప్రిల్‌లో నీళ్ళు పోసేవాడెవడు? మీ ఉద్యోగులకు వచ్చిన పనిని అడగండి. ఎలక్ట్రీషియను బడి వైరింగు చూడగలడు. అకౌంటెంటు సమాఖ్య పుస్తకాలు మూడు నెలలకొకసారి సరిచూడగలడు. ల్యాబు కెమిస్టు నీటి నమూనాలు ఎలా తీయాలో సంఘం ఆడవాళ్ళకు నేర్పగలదు. అదే ఊళ్ళకు చెందిన కార్మికులను ముందు పిలవండి, వాళ్ళకు ఆ పని గౌరవం కూడా. అయితే ఉద్యోగుల సమయానికో, వస్తురూపంలో ఇచ్చినదానికో ధరకట్టి సీఎస్‌ఆర్ ఖర్చుగా చూపించడం చెల్లదు.

వరద వంటి ఆపద వచ్చినప్పుడు ఉద్యోగుల ఉత్సాహానికి కట్ట వేయవలసి ఉంటుంది. 2009 అక్టోబరులో కర్నూలు తుంగభద్రలో మునిగినప్పుడు లారీల్లో వచ్చిన పాత బట్టల మూటలు బురదలోనే పడి ఉండడం చూసినవాణ్ణి. ఇళ్ళలో చేరిన బురద తీయడానికి పారలు, బ్లీచింగు, కొత్త లోదుస్తులు, బడి పుస్తకాలు అప్పుడు కావలసి వచ్చాయి. ముందు అడగండి, తర్వాత లారీ ఎక్కించండి.

ఏమి కొలవాలి

నివేదికలో మొదటి పేజీని ఎన్ని పంచామన్న అంకెకు ఇవ్వకండి. నీళ్ళ ప్లాంటుకు కొలత: గడచిన నెలలో ఎన్ని రోజులు తెరిచారు, ఎన్ని బిందెలు అమ్మారు, బ్యాంకులో మరమ్మతు సొమ్ము ఎంత. సుగ్గి ఊళ్ళో బడికి కొలత: జూలై హాజరు కాదు, జనవరి నుంచి మార్చి వరకు హాజరు. చెరువుకు: నీరు వచ్చిన ఏడు పక్క బోర్లలో మట్టం. పని మొదలుకాక ముందు నాటి అంకె లేకపోతే తర్వాతి అంకెకు విలువ లేదు, అందుకే ఊరు తిరిగే రోజుల్లోనే దాన్ని రాసుకోవాలి. మూడేళ్ళ సగటున రూ.10 కోట్లు, అంతకుమించి సీఎస్‌ఆర్ బాధ్యత ఉన్న కంపెనీలు రూ.కోటి, ఆపైన ఖర్చయిన ప్రాజెక్టులకు బయటి సంస్థతో ప్రభావ మదింపు చేయించాలన్నది నియమం. మీది అంత పెద్దది కాకపోతే ఒక నోటుపుస్తకం చాలు. దాన్ని ప్లాంటు నడిపేవాళ్ళే రాయాలి, నెలకొకసారి మీరు ఫొటో తెప్పించుకోవాలి.

శిలాఫలకం కావాలంటే పెట్టుకోండి. దానిమీద మీ పేరు కన్నా పెద్ద అక్షరాలతో, చెడిపోతే ఫోను చేయవలసిన నెంబరు ఉండనివ్వండి. సాయం అందుకుంటున్న ముసలమ్మను కెమెరా వైపు తిరగమని మాత్రం అడగకండి.

బయటికి వచ్చే రోజు

ఎప్పుడు తప్పుకుంటారో మొదటి సమావేశంలోనే చెప్పాలి. రెండో ఏడు నుంచి మీరిచ్చే వాటా తగ్గుతూ రావాలి: మొదటి ఏడు నడిపే మనిషి జీతం మొత్తం, రెండో ఏడు సగం, మూడో ఏడు ఏమీ లేదు. చివరి ఆరు నెలల్లో మరమ్మతు పిలుపులు మీకు కాకుండా నేరుగా మెకానిక్కుకు వెళ్ళాలి. అప్పగింత రోజున వారంటీ కాగితాలు, మీటరు పేరు మార్పు రసీదు, నీటి పరీక్ష నివేదికలు, బ్యాంకు పాసుపుస్తకం, రెండో తాళంచెవి ఒక సంచిలో పెట్టి సమాఖ్య అధ్యక్షురాలి చేతికిచ్చి, పుస్తకంలో సంతకం పెట్టించుకోండి.

ఆ తర్వాత ఒక ఏడాది ఆగి, ఎవరికీ చెప్పకుండా, పండుగా సమావేశమూ లేని ఒక మంగళవారం పొద్దున ఆరు గంటలకు ఆ ఊరికి వెళ్ళండి. బిందెలు వరసలో ఉన్నాయేమో, షట్టరు తీసింది ఎవరో చూడండి, మీ ఖాళీ సీసా నింపించుకుని ఐదు రూపాయలు ఇచ్చి రండి.